కొమ్ము విరిగిన గాజు గుర్రం

ధ్యాన భాగం: యెషయా 42:1-4, 2 సమూయేలు 9:1-13

నేటి సందేశం: నలిగిన రెల్లు కనబడితే తుంచి పారేసే చేతులు కావు ప్రభువు పంపిన సేవకుడివి. కొడిగట్టిన వత్తిని ఆయన ఊది ఆర్పడు.

కరెంటు పోయిన ఇల్లు. హాల్లో నేల మీద పెట్టిన కొవ్వొత్తుల వెలుగు. వచ్చే జూన్‌కి 24 నిండబోయే ఒక అమ్మాయి, చిన్న గాజు గుర్రాన్ని తీసి, ఆ సాయంత్రం భోజనానికి వచ్చిన యువకుడికి చూపిస్తుంది. అది మామూలు గుర్రం కాదు. నుదుటి మీద ఒకే ఒక్క కొమ్మున్న కథల్లోని గుర్రం, యూనికార్న్. ఆమె బొమ్మలన్నిటిలో పాతది, దాదాపు 13 ఏళ్ల నాటిది. ఊపిరి తగిలితే పగులుతుందేమో అన్నంత సున్నితం. తన చేతులకు ఒడుపు తక్కువని అతను వెనకాడతాడు. ఆమె మాత్రం నమ్మి అరచేతిలో పెట్టేస్తుంది. వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడమంటుంది. కొవ్వొత్తి కాంతి ఆ గాజులో నిండిపోతుంది.

టెనెసీ విలియమ్స్ రాసిన ‘ది గ్లాస్ మెనాజరీ’ నాటకంలోని ఘట్టమిది. 1944 డిసెంబరు 26న షికాగోలో మొదటిసారి ప్రదర్శించారు. 1945 మార్చి 31న న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు చేరింది. గాజు జంతువుల కొలువు అని మనం దాని పేరు చెప్పుకోవచ్చు. ఆ అమ్మాయి పేరు లారా. నాటకం చూసిన ప్రతివారికీ ఒక్క క్షణంలో అర్థమయ్యే సంగతి ఏమిటంటే, ఆ అరచేతిలో ఉన్నది బొమ్మ కాదు, లారాయే.

ఈ ఉదయం ఆ చిన్న బొమ్మ దగ్గర కాసేపు కూర్చుందాం.

లారాది అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణం. 1930ల నాటి ఆర్థిక మాంద్యపు రోజులు. టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన తండ్రి ఎప్పుడో ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. గోడ మీద అతని ఫోటో మాత్రం నవ్వుతూ మిగిలింది. చిన్నప్పుడు చేసిన జబ్బు వల్ల లారాకు ఒక కాలు పొట్టి. ఆ కాలికి లోహపు కట్టు. టైపు నేర్చుకోమని తల్లి అమాండా 50 డాలర్లు కట్టి కాలేజీలో చేర్చింది. మొదటి పరీక్షలో చేతులు వణికి, కడుపులో తిప్పి, లారా అక్కడే వాంతి చేసుకుంది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఇంట్లో చెప్పే ధైర్యమూ లేదు. పొద్దున్నే బయల్దేరి, చలిలో జంతుశాల చుట్టూ, చిత్రాల మ్యూజియంలో, వేడి దేశాల పూలు పెంచే అద్దాల మేడలో తిరిగి, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చినట్టు ఇల్లు చేరేది. వెక్కిరించకుండా, కంగారుపెట్టకుండా, వేగం ఎంతని అడగకుండా తనను ఉండనిచ్చే చోట్లు ఆమెకు అవే. ఇంట్లోనైతే ఆ గాజు బొమ్మలు.

ఒక రాత్రి తల్లితో గొడవపడి తమ్ముడు టామ్ కోపంగా కోటు విసిరేస్తాడు. అది గాజు బొమ్మల అర మీద పడుతుంది. గాజు పగిలిన చప్పుడు, లారా కేక ఒక్కసారే వినిపిస్తాయి. దెబ్బ తగిలింది తన ఒంటికే అన్నట్టు అరుస్తుందామె. అక్క మీద టామ్‌కు కోపమేమీ లేదు. కోపం తల్లి మీద, విరిగింది మాత్రం అక్క బొమ్మ. ఎన్ని ఇళ్లలో ఇలా జరగడం లేదు! ఇద్దరు గట్టివాళ్లు పోట్లాడుకుంటారు. దెబ్బ మాత్రం మూల కూర్చున్న మెతక మనిషికి తగులుతుంది.

తెలుగులో గాజు అన్న మాటకు రెండు బతుకులున్నాయి. దీపపు బుడ్డీ గాజే, చేతికి వేసుకునేదీ గాజే. నా చిన్నతనంలో క్రిస్మస్‌కు వారం ముందు గాజులామె మలారం మోసుకుని మా వీధికి వచ్చేది. మా అక్క కుడిచేయి పసితనంలో విరిగి, మణికట్టు దగ్గర కాస్త వంకరగా అతుక్కుంది. నలుగురిలో ఆ చేతిని ఓణీ చాటున దాచుకునేది. గాజులామె అరుగు మీద కూర్చుని, అక్క చాచిన ఎడమచేతిని పక్కకు పెట్టి, “ఆ చెయ్యి ఇవ్వమ్మా ముందు” అంది. ఎలా విరిగిందని అడగలేదు. అయ్యో పాపం అనలేదు. సబ్బునురగ రాసి, వేళ్లు దగ్గరకు కూర్చి, బొటనవేలి ఎముకను మెల్లగా లోపలికి నొక్కుతూ, “చెయ్యి వదులు చెయ్యి తల్లీ, నేనున్నా కదా” అంటూ ఒక్కొక్కటే ఎక్కించింది. మధ్యలో ఒకటి చిట్లింది. “ఇది నా తొందర, నీ చెయ్యి తప్పు కాదు” అని ఆ గాజును లెక్కలోంచి తీసేసింది. ఆ పండగకు అక్క ఆ చేతిని దాచుకోలేదు.

ఆ అరుగు మీద నేర్చుకున్న పాఠం ఇప్పటికీ మరచిపోలేదు. గాజు వంగదు. వంచబోతే పగులుతుంది, పగిలితే కోస్తుంది. కాబట్టి మెత్తబడాల్సింది చేయి. ఈ సంగతి గాజులామెకు తెలుసు. తెలియనివాళ్లమే మనం చాలామందిమి.

మళ్లీ నాటకంలోకి వెళదాం. అమాండా చెడ్డ తల్లి కాదు. ఆడపిల్ల భవిష్యత్తు ఏమవుతుందోనన్న బెంగతో నిద్రపోని తల్లి. కూతురిని కుంటిది అనే మాట ఇంట్లో వినబడనివ్వదు. టామ్‌తో కలిసి చెప్పుల కంపెనీ గిడ్డంగిలో పనిచేసే జిమ్ అనే యువకుడు భోజనానికి వస్తున్నాడనగానే ఇంటికి కొత్త తెరలు, కొత్త దీపం, కుర్చీలకు కొత్త గలేబులు, కూతురికి కొత్త గౌను. పెళ్లిచూపుల ఇల్లు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు. అమ్మాయిని నడవనివ్వకుండా ముందే కూర్చోబెట్టడం, అడగని లోటును మాటల్లో కప్పెయ్యడం మన ఇళ్లలో కొత్త కాదు. అందులో ప్రేమ లేదని కాదు. కానీ నువ్వున్నట్టుగా ఉంటే చాలదు అన్న మాట ఆ ప్రేమ వెంటే పిల్ల చెవిలో పడుతుంది.

బడిలో చదివే రోజుల్లో తన కాలి కట్టు చప్పుడు ఉరుములా వినబడేదని లారా జిమ్‌తో చెప్పుకుంటుంది. అదే బడిలో చదివిన జిమ్, తానసలు ఆ చప్పుడు గమనించనే లేదంటాడు. ఎంత విచిత్రం! అన్నేళ్లూ ఆమెను భయపెట్టిన ఉరుము ఆమె చెవుల్లోనే ఉంది. గాజు గుర్రం గురించి కూడా లారాయే ఒక మాట చెబుతుంది. కొమ్ములేని గుర్రాలతో కలిసి ఒకే అరలో ఉంటోందట, వాటి మధ్య ఏ పేచీ లేదట. ఆ అరలో ఏ గుర్రమూ దాని కొమ్మును ఎత్తిచూపలేదన్నమాట.

తర్వాత జరిగింది చాలా చిన్న సంఘటన. బయట డాన్సు హాలు నుంచి సంగీతం వినబడుతుంటే జిమ్ ఆమెను నాట్యానికి లేపుతాడు. జీవితంలో మొదటిసారి లారా కాలు మరచిపోయి కదులుతుంది. ఇద్దరూ బల్లకు తగులుతారు. యూనికార్న్ కిందపడుతుంది. ఎత్తి చూస్తే ఒంటి మీద గీత లేదు, కొమ్ము మాత్రం విరిగిపోయింది. జిమ్ నొచ్చుకుంటే లారాయే ఊరడిస్తుంది. ఇప్పుడిది అన్ని గుర్రాల్లాగే ఉంది కదా, దానికి ఆపరేషన్ చేసి కొమ్ము తీయించానని అనుకుంటాను, ఇక తాను వింతదాన్నన్న బాధ దానికి ఉండదు అని నవ్వుతుంది.

చాలామంది ఆ మాటలో ఆమె ఎదుగుదలను చూస్తారు. నాకు మాత్రం అక్కడ గుండె కలుక్కుమంటుంది. కోటు తగిలితే కేక పెట్టిన పిల్ల, అన్నిటికన్నా ప్రియమైన బొమ్మ విరిగితే పోనీలే అంటోంది. ఎందుకు? అందరిలా అయితేనే నీకు చోటు అన్న మాటను ఏళ్ల తరబడి వింది కనుక. కొమ్ము పోవడం కూడా ఆమెకు ఒక మేలుగా తోచింది.

కొద్దిసేపటికే జిమ్ తనకు ఇదివరకే ఒక అమ్మాయితో నిశ్చయమైందని బయటపెడతాడు. కొమ్ములేని ఆ బొమ్మను లారా అతని చేతిలోనే పెట్టి, గుర్తుగా ఉంచుకోమని పంపేస్తుంది. ఒక్క నిష్ఠూరం లేదు. ఇంత ఇవ్వగలిగిన మనిషిని బలహీనురాలని ఎలా అంటాం? పగిలే గుణం వేరు, పనికిరానితనం వేరు.

ఈ నాటకం వెనక ఒక నిజమైన లారా ఉంది. విలియమ్స్ అక్క రోజ్, 1909లో పుట్టింది. వాళ్ల తాతగారు ఎపిస్కోపల్ సంఘంలో పాదిరి. ఆయన ఇంటి నీడలో ఆ పిల్లల తొలి బాల్యం గడిచింది. తర్వాత సెయింట్ లూయిస్‌లో, వెలుతురు సరిగా రాని గదిలోని సామానుకు అక్కా తమ్ముడు తెల్లరంగు వేసి, గాజు బొమ్మలు అమర్చుకున్నారు. పెద్దయ్యాక రోజ్ మనసు చెదిరింది. 1943లో వైద్యులు ఆమె మెదడుకు లోబోటమీ అనే శస్త్రచికిత్స చేశారు. ఆమెను నెమ్మదిపరచాలన్నదే అందరి ఉద్దేశం. నెమ్మది వచ్చింది, మునుపటి రోజ్ మాత్రం తిరిగి రాలేదు. 1996లో కన్నుమూసేదాకా ఇతరుల సంరక్షణలోనే ఉంది. ఆ చికిత్స జరిగిన మరుసటి ఏడాదే ఈ నాటకం రంగస్థలమెక్కింది. కొమ్ము తీసిన ఆపరేషన్ గురించి లారా నోట ఆ మాట పలికించిన తమ్ముడి గుండెలో ఎవరున్నారో వేరే చెప్పాలా? పేరు, డబ్బు వచ్చాక అతను అక్క పోషణ చూసుకున్నాడు. 1983లో తాను చనిపోయాక కూడా ఆమెకు ఏ లోటూ రాకుండా వీలునామాలో ఏర్పాటు చేశాడు. కొమ్ము మళ్లీ అతికించలేడు. కానీ పగిలిన బొమ్మను పారేయలేదు.

ఇప్పుడు మరో బల్ల దగ్గరికి వెళదాం. రాజైన సౌలు, అతని కొడుకు యోనాతాను యుద్ధంలో కూలారన్న కబురు వచ్చిన రోజున, యోనాతాను కొడుకైన 5 ఏళ్ల పసివాణ్ని ఎత్తుకుని దాది పరుగుతీసింది. తొందరలో పిల్లాడు కిందపడి రెండు కాళ్లూ కుంటివయ్యాయి. ఆ దాదికి ఆ బిడ్డ మీద ప్రేమ లేదా? ఉంది. ప్రాణం కాపాడాలనే పరుగెత్తింది. ప్రేమించే చేతుల్లోంచి జారిపడినవాడు మెఫీబోషెతు. మనలో ఎందరికో తగిలిన గాయం ఇలాంటిదే. మన మేలు కోరినవాళ్ల తొందరలో జారిపడ్డాం.

ఏళ్లు గడిచాక, రాజైన దావీదు, యోనాతాను మీది స్నేహంతో, ఆ ఇంటివారు ఎవరైనా మిగిలారా అని వెదికించాడు. ఉన్నాడయ్యా, కానీ కాళ్లు కుంటివి అని సౌలు ఇంటి సేవకుడు సీబా అన్నాడు. రాజు ఆ రెండో మాటకు బదులే చెప్పలేదు. ఎక్కడున్నాడు అని మాత్రమే అడిగాడు. లోదెబారులో ఒకరి ఇంట తలదాచుకున్న మెఫీబోషెతు వచ్చి సాగిలపడి, తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. చూశారా, లారా చెవుల్లోని ఉరుము ఇక్కడా వినబడుతోంది. రాజు మొదట అతని భయం తీర్చాడు. తర్వాత పొలం తిరిగి ఇచ్చాడు. రాజకుమారులతో సమానంగా తన బల్ల దగ్గర చోటిచ్చాడు.

బల్ల దగ్గర కూర్చుంటే కుంటికాళ్లు కనబడవు కదా అని ఈ భాగం మీద బోధించేవాళ్లు చెప్పడం విన్నాను. ఆ మాట ఆదరణగానే ఉంటుంది. కానీ లేఖనం వాటిని దాచలేదు. రాజు బల్ల దగ్గర ఎప్పుడూ భోజనం చేసేవాడని చెప్పిన చివరి వచనమే, అతని రెండు కాళ్లూ కుంటివని మళ్లీ గుర్తుచేసి ముగుస్తుంది. అంటే పూటపూటకూ అతను అందరి ఎదుటా ఆ కాళ్లతోనే బల్ల దాకా వచ్చేవాడు. అతను వచ్చే తీరు అందరికీ కనబడేది. ఎవరూ దానికి తెర కట్టలేదు. కాళ్లు బాగయ్యాక రమ్మని దావీదు అనలేదు. రాజు మనసే మెత్తబడి, పగ తీర్చుకోవలసిన శత్రువైన సౌలు మనవడికి తన ఇంట చోటు చేసింది. అతను కొమ్ముతోనే అరలో చేరాడు.

యెషయా చూసిన సేవకుడి తీరూ ఇదే. నలిగిన రెల్లు మళ్లీ నిటారుగా నిలుస్తుందన్న నమ్మకం లేదు. దాన్ని విరిచేసి మరొకటి కోసుకోవడం తేలిక. ఏటి ఒడ్డున రెల్లుకు కరువా? కొడిగట్టిన వత్తి వెలుగివ్వదు, పొగే ఇస్తుంది. ఊదేసి కొత్తది వెలిగించుకోవడం తేలిక. ఆయన ఆ తేలిక దారి పట్టడు. నాటకం చివర లారా కొవ్వొత్తులు ఊదేస్తుంది, రంగస్థలం చీకటవుతుంది. అలా తమ దీపాన్ని తామే ఆర్పుకోబోయే ప్రాణాల దగ్గర మన ప్రభువు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు. ఆ చిన్న మంటకు అరచేతులు అడ్డుపెడతాడు.

ఆ చేతులను ఒక్కసారి చూడండి. తిరిగి లేచిన ప్రభువు తోమాకు చూపించినవి అవే. మరణాన్ని గెలిచిన ఒంటి మీద ఆ గాయాల మచ్చలు ఆయన చెరిపేసుకోలేదు. మహిమ పొందిన శరీరానికే మచ్చలుంటే, మన మచ్చలు ఎందుకు దాచుకోవాలి? గాజు తొడిగేటప్పుడు మెత్తబడాల్సింది చేయి అనుకున్నాం. మనల్ని పట్టుకోవడానికి ఆయన చేతులు మెత్తబడటమే కాదు, చీలిపోయాయి. గాజు పగలకుండా చేయి గాయపడింది.

ప్రియమైన స్నేహితుడా, సహోదరీ, నీవే ఆ గాజు బొమ్మవైతే, సంఘంలో చివరి వరసలో కూర్చుని, ప్రార్థన ముగియగానే ఎవరూ పలకరించకముందే వెళ్లిపోయే మనిషివైతే, ఈ ఉదయం ఈ మాట విను. నీలో నీకు వింతగా తోచేది విరిగిపోయాకే రమ్మని ప్రభువు అనడం లేదు. నిన్ను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూస్తున్నాడు. రాతిలోంచి రాని వెలుగు గాజులోంచి వస్తుంది.

నీ చేతిలో ఒక గాజు బొమ్మ ఉంటే, మాట రాని బిడ్డ కావచ్చు, దిగులుతో మంచం దిగని తమ్ముడు కావచ్చు, జ్ఞాపకం తప్పుతున్న తల్లి కావచ్చు, అందరి పిల్లల్లా నువ్వెందుకు లేవు అనే మాటను ఈ ఒక్కరోజు నాలుక మీదే ఆపు. అలాగని దుమ్ము తుడిచి అరలోనే ఉంచెయ్యకు. జిమ్ ఎన్ని తప్పులు చేసినా, అతను చేసిన ఒక మంచి పని మనం చేయొచ్చు. అతను ఆమెను అరలోంచి వెలుగులోకి తెచ్చాడు, పక్కన నేల మీద కూర్చుని మాట్లాడాడు. ఒకవేళ నీ తొందరలో ఏదైనా చిట్లితే, గాజులామె అన్న మాట అను. ఇది నా తొందర, నీ తప్పు కాదు అను. ఆ మాటకు ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న మనిషి నీ ఇంట్లోనే ఉండొచ్చు.

ప్రార్థన

దయగల తండ్రీ, నన్ను నా బీటలతో సహా నీ అరచేతిలో పెట్టుకున్నందుకు నీకు వందనాలు. అందరిలా లేనని నేను పడిన సిగ్గును ఈ ఉదయం నీ ముందు పెడుతున్నాను. నా చెవుల్లోని ఉరుమును నీ మెల్లని స్వరంతో అణచు. నేను తొందరలో జారవిడిచినవారిని నా జ్ఞాపకానికి తీసుకురా. వారి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకునే ధైర్యమివ్వు. నీవు నాకప్పగించిన సున్నితమైన ప్రాణాలను మార్చమని నేను అడగడం లేదు. వారిని పట్టుకునే నా చేతిని మెత్తబరచు. మేకులు చీల్చిన చేతులుగల నీ కుమారుడైన యేసు నామమున అడుగుతున్నాను. ఆమేన్.

నేటి తలంపు: గాజు వంగదు, చేయి మెత్తబడాలి.

నేటి ఆచరణ: దాచుకున్న చేతిని ముందు అడిగిన గాజులామెలా, ఈ రోజు ఒకరి దగ్గరికి వెళ్లి, వారు దాచుకునే బాధ దగ్గర తీరిగ్గా కూర్చోండి. సలహా ఏదీ ఇవ్వకండి.